బీదవారిని గూర్చి మనము చెప్పుకొను మాటలు

విద్యావంతులును కలిగినవారును నలుగురు కూడినచోట బీదవారి ప్రసంగము రాకుండుట యరుదు. పనిమనిషి చెప్పకుండ నాగా పెట్టినదని యొకరు మొదలుపెట్టుదురు. కోతల వేళకు కూలీలు దొరకలేదని వేరొక రందుకొందురు. పిమ్మట మాట ఆ పనిమనిషిని విడిచి, ఆ కూలీని విడిచి, బీదజనుల స్వభావము మీదికి ప్రాకును. వారు సోమరులు, చేతిలో రూపాయి నిలువనీయరు, త్రాగుదురు, అబద్ధమాడుదురు, ఉచితముగా నిచ్చినకొలది చెడుదురు. కాఫీ చల్లారకమునుపే ఈ సిద్ధాంతము లన్నియు స్థిరపడును. ఇట్లు పలుకువారు క్రూరులు కారు. వారిలో పండుగనాడు పనిమనిషికి చీర పెట్టువారు కలరు, బీద విద్యార్థికి జీతము కట్టువారు కలరు. తాము లోకానుభవమునే చెప్పుచున్నామని వారి నమ్మకము.

మేము ఈ మాటలను విమర్శింపదలచితిమి. తీరికవేళ నాడుకొను మాటలు సాధారణముగా గాలికి పోవును. కాని బీదవానిని గూర్చి కలవాడు పలుకు మాట గాలికి పోదు. పలుకువానిచేతిలో అధికార మున్నప్పుడు అది కూలిరేటగును, చట్టమగును, తూకపురాయి యగును. నిజముగా తూకపురాయి యయిన సందర్భ మొకటి మన దేశచరిత్రలోనే కలదు గనుక దానినే ముందు చెప్పెదము.

1876వ సంవత్సరమున వానలు తప్పి బళ్ళారి, కర్నూలు, కడప మండలములును వాని చుట్టుపట్ల సీమలును ఎండిపోయెను. మన పెద్దలు దీనిని ధాత కరవని చెప్పుకొనిరి. గంజికొరకు వచ్చిన జనులకు చెన్నపురి ప్రభుత్వమువారు రోడ్డుపనులు, చెరువుపనులు కల్పించిరి. ఖర్చు మితిమీరుచున్నదని తలంచి గవర్నరు జనరలు ప్రభుత్వమువారు 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపిలు అను దొరను విచారణకు పంపిరి. ఈ టెంపిలు మూడేండ్లకు పూర్వము వంగ, బీహారు సీమలలో కరవు వచ్చినప్పుడు బర్మా బియ్యమును విస్తారముగా తెప్పించి జనులను బ్రతికించినవాడే. అందులకు మెప్పు రాలేదు. సర్కారు ధనమును దుబారా చేసినాడను నింద వచ్చెను. ఈసారి ఆ నింద రానీయరాదని ఆయన నిశ్చయించుకొనెను. పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానితో నొక అణా; స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. ఇదియే చరిత్రలో టెంపిలు కూలి యని పేరుపడెను. దేహదార్ఢ్యముగలవారికి తమ యింటికి పది మైళ్ళలోపల పని యీయరాదని మరియొక నిబంధన.

దీని వెనుక నున్న తర్కమును గమనింపుడు. ఇంతకంటె నెక్కువ యిచ్చినచో జనులు స్వయంకృషిని మరతురు. సర్కారు గంజికి మరిగి యిండ్లకు పోరు. దూరమునకు నడిచి రాగలిగినవాడే నిజముగా నక్కరగలవాడు. ఎండలో రాళ్ళు కొట్టువానికి ఆ తిండి చాలదని చెన్నపురి ఆరోగ్యశాఖాధికారి కార్నిషు శరీరశాస్త్రము నాధారముచేసికొని గట్టిగా వాదించెను. ఆయన వాదముయొక్క ఫలముగా పిమ్మట కూలి కొంత పెరిగెను. ధాన్యముతో పప్పును చేర్చిరి. ఆ లోపల శిబిరములలో పడిపోయినవారు పడిపోయిరి. ఆ కరవున దక్షిణాపథమున నశించినవారు 50 లక్షలకు పైబడుదురని యంచనా. వాన లేకపోవుట దైవాధీనమే. కాని ఒక పౌను ధాన్యమును నిర్ణయించినది దైవము కాదు. బీదవాడు స్వభావముచేత సోమరి యను నొక యభిప్రాయమే ఆ తూకమును నిర్ణయించెను. చెన్నపట్టణమున కూవము నదిని అడయారు నదితో కలుపు కాలువ ఆ కరవు దినములలో ఆ సోమరులు త్రవ్వినదే. బకింగుహాము కాలువలో నదియొక భాగము.

ఇది పరప్రభుత్వపు నాటి పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమీయ నారంభించినప్పుడు, ఇక కూలీలు పనికి రారను మాట రచ్చలయందు వినబడెను. 2005లో చట్టమై, 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభింపబడిన ఉపాధి హామీ పథకము గ్రామీణ కుటుంబమునకు ఏడాదికి నూరు దినముల పనిని వాగ్దానము చేసినప్పుడును నదే మాట. నూటముప్పది యేండ్లు గడచినను తర్కము మారలేదు. మే నెల యెండలో చెరువు పూడిక తీయుటకు పారయు గంపయు పట్టుకొని వచ్చినవానిని ఆ వచ్చుటచేతనే సోమరి యయ్యెననుట మాకెన్నడును బోధపడలేదు. సోమరియైనవాడు ఆ పనికి రాడు గదా. బియ్యము సంగతియు నంతే. బియ్యము చవుకగా దొరకినంతమాత్రమున ఉప్పును, చింతపండును, అద్దెయు, ముసలితల్లి మందులును, పిల్లవాని పుస్తకములును రావు. వానికొరకు మరునాడు కూడ పనికి పోవలసినదే.

అయినను ఆ ఫిర్యాదు వట్టి కల్పన కాదు. దాని క్రింద నొక నిజము దాగియున్నది. వేరొక ఆధారము లేనప్పుడు కూలివాడు పిలిచినవాని పొలమునకు, పిలిచినవాడు చెప్పిన కూలికి పోక తప్పదు. ఇంటిలో పదిదినముల బియ్యమున్నప్పుడు, ఊరిబయట వేరొక పని దొరకునన్న నిశ్చయ మున్నప్పుడు, అతడు బేరమాడును. మనకు కష్టము తోచినది ఆ బేరమువలన. గుంటూరు సీమ రైతు మిరపకాయలను శీతలగిడ్డంగిలో నుంచి ధర పెరుగువరకు కనిపెట్టుకొనియున్నచో దానిని వివేక మందుము. తగిన ఫీజు ముట్టనిదే వకీలు వకాల్తా పుచ్చుకొనడు, అది వృత్తిగౌరవము. ఈ ధరకు నా రెక్కలను అమ్మనని కూలివాడన్నచో మాత్రము అది సోమరితనము. మూడింటియందును జరిగిన పని యొకటే, తన సరుకునకు మంచి ధర కోరుట. అమ్మువాడు మారగానే పేరు మారినది.

సాయము సోమరితనమును పెంచునా యను ప్రశ్నకు అరుగుమీద నున్నవారి సాక్ష్యము తప్ప వేరు సాక్ష్యము లేని కాలము గడచిపోయినది. హొండూరాసు, ఇండోనేషియా, మొరాకో, మెక్సికో, నికరాగువా, ఫిలిప్పీన్సు దేశములలో బీదకుటుంబములకు ప్రభుత్వములు నగదు సాయము చేసిన ఏడు పథకముల ఫలితములను అభిజిత్ బెనర్జీ మొదలైన అర్థశాస్త్రజ్ఞులు చేర్చి పరీక్షించి 2017లో ప్రకటించిరి. సాయము పొందిన కుటుంబములను, పొందని కుటుంబములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన పరీక్ష యది. సాయము పొందినవారు పని తగ్గించిరనుటకు అందు తగిన నిదర్శనము కానరాలేదు.

ఒక దేశపు జనుల సోమరితనముగా తోచునది నిజముగా నేమియో తెలిసికొనుటకు మన గోదావరి కంటె మంచి పాఠము లేదు. 1830 ప్రాంతములలో ఆ మండలము నందన కరవువంటి కరవులకును, తుపానులకును గురియై క్షీణించుచుండెను. నది నిండుగా పారి సముద్రమున కలియుచుండగనే ఒడ్డున జనులు మలమలమాడిరి. ఈ క్షీణతకు కారణమేమో విచారింప ప్రభుత్వము సర్ హెన్రీ మాంట్‌గమరీని నియమించగా ఆయన 1844లో నివేదిక సమర్పించెను. పిమ్మట సర్ ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట మొదలుపెట్టి 1852లో ముగించెను. కాలువలు పారిన తరువాత ఆ సీమ యేమయ్యెనో చదువరు లెరుగుదురు. నేల యదియే, జనులు వారే, కులములు వానివే, దేవతలు వారే. జనుల స్వభావమును దిద్దుటకు ఎవరును ఉపన్యాసములీయలేదు. నీరు వచ్చెను.

ఇచట మరియొక మాటయు చెప్పవలెను. ఆ నీరు అందరికిని సమానముగా పారలేదు. భూమి గలవాడు భాగ్యవంతుడయ్యెను. ఆ భూమిలో మోకాలిలోతు బురదలో నాట్లువేసిన మాలమాదిగ కుటుంబములు తరతరములు గుడిసెలలోనే యుండిపోయెను. సస్యశ్యామలమైన ఆ సీమలో నందరికంటె నెక్కువ వంగి పనిచేసినవారే అందరికంటె బీదలుగా నుండిరి. పరిశ్రమయే సంపదకు మూలమని పిల్లలకు బోధించుచున్నాము. ఈ విషయమున ఆ బోధ యొకింత తడబడును.

పాలమూరు సంగతి ఇంకను స్పష్టము. మహబూబునగరు జిల్లా మెట్టసీమనుండి గుంపులు గుంపులుగా కూలీలు దేశము నలుమూలలకు వలసపోయిరి. మట్టిపనికి, రాతిపనికి వారి పేరే పేరు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి 1967లో జాతికి అంకితమైన నాగార్జునసాగరమును లేపిన చేతులలో ఆ జిల్లావారి చేతులును కలవు. ఇతరుల పొలములకు నీరు తెచ్చు కట్టలను కట్టి, ఎండిన తమ యూరికి తిరిగి వచ్చి, గుంపుమేస్త్రీ యొద్ద మరల బయానా పుచ్చుకొని బయలుదేరుదురు. ఆ బయానా తీరువరకు ఎట్టి పనియైనను, ఎన్ని గంటలైనను చేయవలసినదే. కట్టుబానిసతనమును రద్దుచేయు చట్టము 1976లో వచ్చెను. బయానా అను మాట మాత్రము చట్టమునకు జడియలేదు. వీరు పనిచేయక బీదలైరని యెవరనగలరు?

కూర్చుండి తినిన కొండలైన కరగునని మన సామెత. ఈ సామెతను మనము బీదవాని ముఖముననే పలుకుచుందుము. కూర్చుండి తినుటకు ముందుగా కొండ యుండవలెను గదా! సోమరులు బీదవారిలోను కలరు, కలవారిలోను కలరు. కలవారి సోమరితనమునకు విశ్రాంతి యని పేరు.

ఇక త్రాగుడు. బీదవాని గుడిసెను కూల్చు శత్రువులలో మద్యము మొదటిదని మేమును నమ్మెదము. కాని త్రాగుటచేతనే వారు బీదలైరని చెప్పి చేతులు కడుగుకొనువారు నెల్లూరు జిల్లా దూబగుంటను జ్ఞాపకము చేసికొనవలెను. అక్షరాస్యతా ఉద్యమమున వయోజనులకొరకు సీతమ్మ కథ యను పాఠ మొకటి యుండెను. త్రాగుడుచేత పాడైన కాపురము కథ యది. 1992లో ఆ యూరి స్త్రీలు సారాకొట్టును మూయించిరి. రోశమ్మ యను కూలి స్త్రీ పేరు నాటినుండి రాష్ట్రమంతట తెలిసినది. ఒక యూరినుండి మరియొక యూరికి, ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు ఆ నిప్పు ప్రాకెను. స్త్రీలు చీపురుకట్టలతో సారావేలములను అడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

ఈ కథలో నెవరు ఏ పక్షమున నుండిరో చూడుడు. సారాను పొట్లములుగా కట్టి గుడిసెల గుమ్మములకు చేర్చినది కంట్రాక్టరు. వాడు బీదవాడు కాడు. వేలముపాట సొమ్మును బొక్కసమున జమకట్టుకొన్నది ప్రభుత్వము. దినకూలిని పోగొట్టుకొన్నవారు, దెబ్బలు తిన్నవారు, చివరకు కొట్టు మూయించినవారు బీదస్త్రీలు. 1997లో నిషేధమును సడలించినది ఖజానా లోటును చెప్పియే గాని గుడిసెలవారు కోరి కాదు. క్లబ్బులో సీసా ముందు కూర్చున్న పెద్దమనిషిని జూచి, కలవారి స్వభావమే యిట్టిదని యెవరును సిద్ధాంతము చేయరు. ఒక్కొక్క కలవాడును ఒక్కొక్క మనిషి. బీదవాడు మాత్రము ఎల్లప్పుడును తన జాతికంతకును ప్రతినిధి.

సారా మానిన రూపాయి ఏమయ్యెనో కూడ నెల్లూరు స్త్రీలే చూపిరి. దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపులక్ష్మి యను పేరిట సంఘములు కట్టిరి. బీదవారికి దాచుకొనుట తెలియదను మాటకు ఈ యొక్క యుదాహరణమే చాలును. కాని ఆ మాటను ఇంతటితో విడువక లోతుగా పరికింపవలసియున్నది. ఏలయన అది చాలమందికి నిజమని తోచును.

చెన్నపట్టణమున వీధులలో పండ్లమ్ము స్త్రీల అప్పును అర్థశాస్త్రజ్ఞులు కొందరు లెక్కించి చూచిరి. వారు తెల్లవారుజామున అప్పు తెచ్చి సరుకు కొని, చీకటిపడిన తరువాత వడ్డీతో తీర్తురు. ఆ వడ్డీ నెలకు కాదు, దినమునకు నూటికి నాలుగున్నరకు పైచిలుకు. రోజునకు కొలదిగా, ఒకటి రెండు టీలు మానినంత సొమ్ము మిగుల్చుకొన్నచో, మూడు నెలలలో ఆమెకు అప్పుతో పనియుండదని గణితము. అటులైన నామె యేల మిగుల్చదు? ఇది విన్నవెంటనే మనము తలయూపి, చూచితిరా, మేము చెప్పలేదా యందుము.

ఒక్క నిమిషము మన సంగతి చూచుకొందము. మనలో నుద్యోగులైనవారు ఎట్లు దాచుకొనుచున్నారు? నెల మొదటి తేదీకి జీతము చేతికి రాకముందే భవిష్యనిధికి కొంత కోయుదురు. భీమా కిస్తును, ఇంటి యప్పు కిస్తును బ్యాంకువారు మనలను అడుగకయే తీసికొందురు. మిగిలినదానితో సంసారము గడుపుదుము. నెల చివరకు దానిలో నెంత మిగులునో మనకే తెలియును. మన పొదుపు చాలవరకు మన సద్గుణము కాదు. ఇతరులు మనకొరకు చేసి పెట్టిన యేర్పాటు. ఆ పండ్లమ్ము స్త్రీకి అట్టి కోత లేదు. ఆమె సొమ్ము ప్రతిసాయంత్రము ఆమె చేతిలో నగ్నముగా నుండును. అప్పటికే దానికొరకు కనిపెట్టుకొనియున్నవారు వడ్డీవాడు, అద్దెవాడు, జ్వరముతో నున్న పిల్లవాడు, తాళములేని గుడిసెకు వచ్చిన చుట్టము. దినదినము, ఆ యందరిని కాదని, తొంబది దినములు వరుసగా కాదని, ఐదు రూపాయలు ప్రక్కన నుంచవలెను. ఆ తొంబది దినములలో నొక్క వర్షపుదినము సరుకు కుళ్ళినచో గణితము మరల మొదటికి వచ్చును. మనకు జీవితమున నొక్కసారియు అక్కరపడని యింతటి నిగ్రహమును మన మామెనుండి కోరుచున్నాము.

పైగా బీదవాడు ప్రతి వస్తువునకును మనకంటె నెక్కువ ధర చెల్లించుచున్నాడు. మనము నెలకు సరిపడు నూనెను డబ్బాతో తెత్తుము. అతడు దినమునకు సరిపడు చిన్నపొట్లము కొనును, బొట్టుబొట్టునకు మనకంటె నధికముగా నిచ్చును. మనము నూటికి ఎనిమిదో తొమ్మిదో యేటివడ్డీకి బ్యాంకునందు అప్పు తెచ్చుకొనగా, నగ లేనివానికి నెలకు నూటికి మూడు నాలుగు రూపాయల ధర్మవడ్డీ! ధర్మమను మాట అందెట్లు చేరినదో భాషావేత్తలే చెప్పవలెను. కూతురు పెండ్లికి తాహతుకు మించి యప్పు చేసినాడని అతనిని నిందింతుము. తాహతుకు మించి పెండ్లి చేయుట యను విద్యను మన దేశమున నెవరు కనిపెట్టిరో, ఎవరి పెండ్లిపందిళ్ళను చూచి యెవరు నేర్చుకొనిరో, ఈ సభలోనివారికి మేము విప్పి చెప్పనక్కరలేదు.

వారికి ఆలోచన తక్కువ యను మాటకు వత్తము. దీనికి ఆశ్చర్యకరమైన పరిశోధన యొకటి కలదు. తమిళనాటి చెరకు రైతులకు ఏడాదిలో కోత ముగిసిన పిమ్మటనే సొమ్ము చేతికి వచ్చును. కోతకు ముందు నెలలలో నగలు తాకట్టులోనికి పోవును, అప్పులు పెరుగును. కోత తరువాత కొంత యూపిరి తిరుగును. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్ మొదలగు పండితులు 54 గ్రామములలో 464 మంది రైతులకు కోతకు ముందొకసారి, తరువాత నొకసారి బుద్ధిపరీక్షలు పెట్టి, ఫలితములను 2013లో ప్రకటించిరి. బొమ్మలను చూచి తప్పిపోయిన ముక్కను గుర్తించుటవంటి పరీక్షలవి. చదువుతో వానికి పనిలేదు. అదే రైతు కోతకు ముందు మందముగాను, కోత తరువాత చురుకుగాను సమాధానము లిచ్చెను. ఆ రెంటి నడుమ అతని వంశము మారలేదు, బుద్ధి మారలేదు. తలలో అహోరాత్రములు నడచుచుండిన అప్పుల లెక్క యొకటి తాత్కాలికముగా ఆగినది. ఆ లెక్క యెన్నడును ఆగనివాడు మన పనిమనిషి. చెప్పిన పని మరచినదని మనము విసుగుకొనినప్పుడు ఆమె తలలో నే లెక్క నడచుచుండెనో మన మడుగము.

బీదవారు పుట్టుదొంగలను మాటను ఒకనాడు చట్టముగానే వ్రాసిరి. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టమును 1911లో చెన్నపురి రాజధానికిని విస్తరింపజేసిరి. ఎద్దుల వీపులమీద ఉప్పును ధాన్యమును వేసికొని యూరూర నమ్ముకొనిన ఎరుకలవారు, రైలుబండ్లును ఉప్పుచట్టములును వచ్చి ఆ వ్యాపారము దెబ్బతినిన పిమ్మట, ఈ చట్టమునకు చిక్కిరి. బాపట్ల తాలూకాలో స్టూవర్టుపురము 1913 ప్రాంతమున వారికొరకు వెలసినదే. హాజరుపట్టీలో పేరు చెప్పనిదే ఊరు దాటరాదు. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. ఆ యూరి పేరు చెప్పినంతనే నవ్వుటయు, తలుపు గడియ చూచుకొనుటయు దానితో రద్దు కాలేదు.

పూర్వజన్మ కర్మమను సమాధానము మనలో కొందరికి మిగిలియున్నది. దానికి మేము చెప్పునది స్వల్పము. ఆ సిద్ధాంతమును మనము సమానముగా వాడుట లేదు. మనకు జబ్బుచేసినచో కర్మమని యూరకుండక వైద్యుని పిలుతుము. పొరుగువాని యాకలికి మాత్రమే కర్మము జ్ఞాపకమునకు వచ్చును.

ఇంతవరకు చదివి, బీదవారందరును సాధువులని మేము చెప్పుచున్నామని యెవరైన తలంతురేమో. అట్లు మేము చెప్పము. గుడిసెలో భార్యను కొట్టువాడు కలడు. పసిపిల్లకు పెండ్లి చేయువాడు కలడు. తనకంటె బీదవానిని మోసగించు బీదవాడు కలడు. దారిద్ర్యము మనుష్యుని పవిత్రుని చేయునను మాట తక్కిన మాటలకంటె నపాయకరము, ఏలయన అది మంచిమాటవలె వినబడును. వారికేమి, గంజి త్రాగి చింతలేక నిద్రింతురు, మనకే యీ వ్యథలన్నియు నని చల్లనిగదిలో కూర్చుండి నిట్టూర్చువారిని చూచుచున్నాము. తృప్తి గొప్ప సుగుణమే. కాని ఒకరి తృప్తిని వేరొకరు మెచ్చుకొని అంతటితో తృప్తిపడుట యే సుగుణమో తెలియదు. ఆ గుడిసెలో రాత్రి యొక్కటి గడపినచో వాన కారు చోటును వెదకికొనుటయే నిద్రయని తెలియును.

బీదవారిని తిట్టువాడును పొగడువాడును ఒక్కచోట కలియుదురు. ఇద్దరును సాయమును నడవడికకు ముడివేయుదురు. సోమరి కనుక ఈయరాదని మొదటివాడు. సాధువు కనుక ఈయవలెనని రెండవవాడు. అందుచేతనే మన దానములలో పరీక్షలింత యెక్కువ. ఆసుపత్రి ఖర్చునకై చేయిచాచినవాని చొక్కా శుభ్రముగా నున్నచో అనుమానింతుము. మురికిగా నున్నచో అసహ్యించుకొందుము. చేతిలో సెల్‌ఫోను కనబడినచో బీదవాడే కాడందుము. కూలికి పిలుపు ఆ ఫోనులోనే వచ్చునని తోచదు. మన యింటిలో పిల్లవాడు పరీక్ష తప్పినను, అబద్ధమాడినను, ఆ రాత్రి అన్నము పెట్టుట మానము. అన్నము వేరు, శిక్షణ వేరు అని మన పిల్లల విషయమున మనకు చక్కగా తెలియును.

ఇప్పుడీ అనుమానము యంత్రరూపమును దాల్చినది. ఆంధ్రదేశమున 2015నుండి రేషను దుకాణములలో వ్రేలిముద్ర పడినగాని బియ్య మీయరాదను నేర్పాటు వచ్చెను. దొంగకార్డులు లేవనము; దొంగబియ్యము పెద్దచేతులద్వారా లారీలలో పోవుటయు లేకపోలేదు. నలుబదియేండ్లు గిన్నెలు తోమిన వ్రేలిమీద, సున్నము కలిపిన వ్రేలిమీద, బీడీలు చుట్టిన వ్రేలిమీద గీతలు అరిగిపోవును. యంత్రము దానిని గుర్తుపట్టదు. కచ్చేరీలో కలము పట్టుకొనిన వ్రేలిని వెంటనే గుర్తుపట్టును. కుటుంబములో వేరొకరున్నచో వారి వ్రేలు చెల్లును. కంటిపాపను పట్టు యంత్రమున్నచోట అదియు చెల్లును. ఒంటరిగా బ్రదుకు ముసలమ్మ, ఆ రెండవ యంత్రము లేని యూరిలో, చీరకొంగుతో వ్రేలు తుడుచుకొని మరల నొత్తును; కొబ్బరినూనె రాచికొని మరల నొత్తును. వరుసలో వెనుకనున్నవారు తొందరపెట్టుదురు. డీలరు సంచి ఆమె చేతికి తిరిగి యిచ్చి రేపు రమ్మనును.